చాలు అనే హక్కు ఎవరిది?

క్రైస్తవ విశ్వాసం బోధించే గుణాల్లో సంతృప్తి అంత సులువుగా ప్రశంసకూ, అంత సులువుగా దుర్వినియోగానికీ గురయ్యే గుణం మరొకటి కనిపించదు. అవసరాలను కుదించుకొని, అనుదినాహారం కోసం దేవుని మీద ఆధారపడి, ఉన్నదానిలో నిండుగా జీవించడమే విశ్వాసికి తగిన నడవడి అని ఒక పక్షం చెబుతుంది; ఆ బోధ చరిత్రలో ఎక్కువగా లేనివారి చెవినే పడిందనీ, దానివల్ల ఉన్నవారి ఆస్తికి కాపలా దొరికిందనీ మరో పక్షం ఆరోపిస్తుంది. ఈ రెండు పక్షాలనూ ఇద్దరి మాటల్లో ఎదురెదురుగా నిలపడం ఈ సంవాదం ఉద్దేశం. ఒకరు గ్రామ సంఘాల్లో, అంటే స్థానిక క్రైస్తవ విశ్వాసుల సమాజాల్లో, దీర్ఘకాలం పనిచేసిన బోధకుడు. రెండోవారు అర్థశాస్త్ర అధ్యాపకుడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి బైబిలును శ్రద్ధగా చదివినవాడే గాని, ఏ బోధనైనా సమాజంలో అది కలిగించిన ఫలితాన్ని బట్టి తూచే స్వభావం కలవాడు.

అధ్యాపకుడు: అయ్యగారూ, సంతృప్తి గొప్పదనాన్ని చెప్పుకునే ముందు ఆ బోధ ఎవరు ఎవరికి చేశారో చూడాలి. 1807లో లండనులో ఒక సంక్షిప్త బైబిలు అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల తోటల్లో పనిచేసే ఆఫ్రికన్ బానిసల కోసమే కూర్చిన ఆ ప్రతిలో, ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి విడుదల పొందిన నిర్గమకాండ కథనాన్ని తీసివేసి, దాసులు యజమానులకు లోబడాలని చెప్పే వాక్యాలను మాత్రం ఉంచారు. తెలుగు నేల సంగతీ ఆలోచించండి. ఇక్కడి సంఘాల్లో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కులాల నుంచి వచ్చినవారు. వారిలో చాలామందికి తరతరాలుగా కూలిపనే తప్ప సెంటు భూమి లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. ఆ పరిధిలోకి 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు వచ్చారు గాని, క్రైస్తవ దళితులు బయటే మిగిలి, తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో 1 శాతం రిజర్వేషనుతో సర్దుకోవలసి వచ్చింది. ఇన్ని విధాల కోల్పోయిన జనానికి ఉన్నదానితో తృప్తిపడమని ఆదివారం నాడు చెప్పడం ఎంతవరకు ధర్మం?

బోధకుడు: మాస్టారూ, ఆ ఆరోపణను తక్కువ చేసి మాట్లాడడం తగదు. అయితే 1807 నాటి ఆ ప్రతిని కూర్చినవారికి కత్తెర ఎందుకు అవసరమైందో కూడా ఆలోచించాలి. గ్రంథం మొత్తంగా బానిస చేతికి వెళ్తే అందులోని సంతృప్తి బోధ యజమాని వైపు నిలవదని వారికి బాగా తెలుసు. ఈ విషయంలో క్రొత్త నిబంధనలో అతి స్పష్టమైన మాటలు అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖ నాలుగో అధ్యాయంలో ఉన్నాయి. ఫిలిప్పీ అంటే నేటి ఉత్తర గ్రీసులో, నాటి మాసిదోనియ రాష్ట్రంలో ఉండిన పట్టణం. ఆ లేఖ రాసేనాటికి పౌలు బంధకాల్లో, అంటే రోమా ప్రభుత్వపు చెరలో ఉన్నాడు. ఆ సంఘం ఎపఫ్రొదితు అనే తన ప్రతినిధి చేత పంపిన సహాయం అందుకొని, కృతజ్ఞత చెబుతూ, ఆకలిలోనైనా సమృద్ధిలోనైనా తృప్తిగా ఉండడం తనకు అలవడిందని రాశాడు. ఆ మాట ఆయన తన లేమిని గురించి చెప్పుకున్నాడు. ఇతరుల లేమి దగ్గరికి వచ్చేసరికి ఆయన పద్ధతి పూర్తిగా వేరు. యెరూషలేములోని పేద విశ్వాసులకు సరిపెట్టుకోండని ఉత్తరం రాయలేదు. వారికోసం మాసిదోనియలో, అకయలో ఊరూరా చందా పోగుచేశాడు. ఆ చందాను సమర్థిస్తూ కొరింథీయులకు రాసిన రెండో లేఖ ఎనిమిదో అధ్యాయంలో సమానత్వమే దాని ఉద్దేశమని చెప్పి, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దొరికిన మన్నాను, అంటే ప్రతి ఉదయం నేల మీద కనిపించిన ఆహారాన్ని, దృష్టాంతంగా చూపాడు. ఆ కథలో తలకు ఒక ఓమెరు కొలత చొప్పున అందరికీ సరిపోయింది. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు, మర్నాటికని దాచుకున్నది పురుగు పట్టింది. తన వాటా విషయంలో తృప్తి, పొరుగువాడి వాటా విషయంలో ఊరుకోలేనితనం ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చుననడానికి పౌలే సాక్ష్యం.

అధ్యాపకుడు: పౌలు వరకు ఆ విభజన చక్కగా కుదిరింది. తిమోతికి రాసిన మొదటి లేఖ ఆరో అధ్యాయం మాటేమిటి? అన్నవస్త్రాలుంటే చాలునని చెప్పే ఆ అధ్యాయమే, దానికి కొద్ది వచనాల ముందు, కాడి కింద ఉన్న దాసులు తమ యజమానులను పూర్తి గౌరవానికి పాత్రులుగా ఎంచాలని చెబుతుంది. సంతృప్తీ దాస్యమూ ఒకే పుటలో పక్కపక్కనే ఉన్నాయి. తోటల యజమానులకు ఆ పుటను కత్తిరించవలసిన పని లేకపోయింది.

బోధకుడు: ఆ వచనాన్ని మెత్తబరచి వివరించే వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి, వాటిని ఇక్కడ వల్లించడం నిజాయితీ అనిపించుకోదు. అది బరువైన వచనమే, దాని బరువు తీరలేదు. అయితే అదే అధ్యాయం దైవభక్తిని లాభసాధనంగా భావించేవారిని మొదట ఖండించి, ధనాపేక్ష సకల కీడులకు మూలమని హెచ్చరించి, చివర ధనవంతుల వైపు తిరిగి, అస్థిరమైన ఐశ్వర్యాన్ని నమ్ముకోక ఔదార్యంతో పంచిపెట్టాలని ఆజ్ఞాపిస్తుంది. అంటే అన్నవస్త్రాలు చాలునన్న కొలత మొదట ఎక్కువ కోరేవాడికి, ముఖ్యంగా భక్తి పేరుతో ఎక్కువ కోరే బోధకుడికి పెట్టిన కొలత.

ఇక్కడ అధ్యాపకుడి పూర్వపక్షం బలాన్ని ఒప్పుకోవాలి. ఒక గ్రంథంలోని మాట మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఆ గ్రంథంలోని మరో మాటను చూపడం సగం సమాధానమే అవుతుంది. ఆ మాటను నమ్మి బతికినవారి జీవితం ఏ దిక్కుకు నడిచిందన్నది మిగతా సగం. సంవాదం అక్కడినుంచి సూత్రాలను వదిలి ఒక మనిషి దగ్గరికి వెళ్లడానికి కారణం ఇదే.

బోధకుడు: జాన్ వుల్మన్ అనే ఆయన 1720లో ఉత్తర అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టాడు. ఆయన క్వేకరు, అంటే పురోహిత వర్గం లేకుండా మౌనంగా కూడి ప్రార్థించే, ఆడంబరం లేని వేషభాషలను పాటించే మిత్ర సమాజమనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. మౌంట్ హోలీ అనే ఊళ్లో దుకాణం నడిపాడు, బట్టలు కుట్టాడు. వ్యాపారం ఏటేటా పెరిగింది. దానితోపాటు మనసులో ఇరుకూ పెరిగింది. 1756లో తన ఖాతాదారులకే చెప్పి, వారు వేరే ఏ దుకాణాలకు వెళ్లవచ్చునో ఆలోచించుకోమని, క్రమంగా సరుకుల వ్యాపారం మానుకున్నాడు. తర్వాత దర్జీపనితో, ఆపిల్ మొక్కల పెంపకంతో కుటుంబాన్ని పోషించుకున్నాడు. వ్యాపారం నష్టపోయి మానినవారు లోకంలో కోకొల్లలు; లాభం వస్తుండగా, ఆ లాభం ప్రార్థనకూ పరిచర్యకూ అడ్డు వస్తున్నదని మానినవారు అరుదు.

అధ్యాపకుడు: ఒక దుకాణదారుడు మానుకుంటే ఆ బేరం పక్క దుకాణానికి పోతుంది. అది ఆయన ఆత్మకు విశ్రాంతి కలిగించి ఉండవచ్చు. అప్పటికే అమెరికా పొలాల్లో కొరడా దెబ్బలు తింటున్న మనిషికి దానివల్ల ఒరిగిందేమిటి?

బోధకుడు: వుల్మన్ జీవితంలో ఆ రెండూ విడివిడిగా లేవు. యౌవనంలో తాను కొలువు చేసిన యజమాని ఆదేశం మీద ఒక నల్లజాతి స్త్రీని అమ్మే దస్తావేజు రాయవలసి వచ్చింది. రాశాడు గాని, బానిసలను ఉంచుకోవడం క్రైస్తవ ధర్మానికి పొసగదని అక్కడే చెప్పాడు. తర్వాత అలాంటి పత్రాలు రాయడానికి నిరాకరించాడు. దక్షిణ ప్రాంతాల్లో ప్రయాణిస్తూ బానిసలున్న ఇళ్లలో ఆతిథ్యం పొందినప్పుడు, ఆ శ్రమను ఉచితంగా అనుభవించడం ఇష్టం లేక, బానిసలకు చెందేలా డబ్బు ఇచ్చి వెళ్లాడు. వెస్టిండీస్‌లో బానిసలు పండించిన చక్కెర తినడం మానాడు. 1772లో ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ, నగిషీలు చెక్కిన గదుల ఖర్చులో పాలుపంచుకోవడం ఇష్టం లేక, నావికులు పడుకునే కింది అరలో ప్రయాణం చేశాడు. ఆ దేశంలో వేగం కోసం గుర్రాలను చచ్చేదాకా తోలుతున్నారనీ, బండ్లు నడిపే కుర్రవాళ్లు చలికి నలిగిపోతున్నారనీ విని, ఊరినుంచి ఊరికి కాలినడకనే వెళ్లాడు. అదే ఏడు అక్టోబరు 7న యార్క్ నగరంలో మశూచితో చనిపోయాడు. ఇందులో ఏ ఒక్క త్యాగమూ తన పవిత్రతను కాపాడుకునే ఆచారంగా మొదలు కాలేదు. ప్రతి సౌఖ్యం వెనుక ఎవరి ఒళ్లు అరుగుతున్నదో చూసి, ఆ అరుగుదలను తగ్గించడానికి తన అవసరాన్ని తగ్గించుకున్నాడు.

అధ్యాపకుడు: ఆ చూపులో సత్యం ఉంది, కాదనలేం. కాని అర్థశాస్త్రం వేసే ప్రశ్న ఒకటి మిగిలింది. అందరూ కొనడం తగ్గిస్తే నేతగాడికీ కుమ్మరికీ పని ఎక్కడిది? ఒక్కరు పొదుపు చేస్తే ఆ ఇంటికి మేలు, అందరూ ఒకేసారి పొదుపు చేస్తే గిరాకీ పడిపోయి అందరి ఆదాయమూ తగ్గుతుందని అర్థశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1936 నాటి గ్రంథంలో వాదించాడు. నిరాడంబరత వ్యాపిస్తే మొదట పస్తులుండేది కూలివాడే.

బోధకుడు: పేదల పక్షాన వుల్మన్ రాసిన ఒక గ్రంథం ఆయన చనిపోయాక 1793లో అచ్చయింది, మీ ప్రశ్నకు దగ్గరి ప్రశ్నను ఆయన అందులో తన పద్ధతిలో ఎదుర్కొన్నాడు. ఆయన వాదం ఇది: మనుషుల నిజమైన అవసరాలకు కావలసిన పని మితమైనది, అందరూ పంచుకుంటే ఎవరి నడుమూ విరగదు, కొందరు విలాసాలు కోరినప్పుడు ఆ విలాసాలకు కావలసిన అదనపు శ్రమ అద్దెల రూపంలో, తక్కువ కూలి రూపంలో కౌలుదారు మీద, పనివాడి మీద, చివరికి కాడి మోసే ఎద్దు మీద పడుతుంది. పని కల్పించడం మేలే. అయితే ఏ పని, ఎన్ని గంటలు, ఎంత కూలికి అన్నది అడగకుండా పని కల్పించామని చెప్పుకోవడం దయ కాదు. తన ఖర్చు తగ్గించుకున్నవాడు ఆ మిగులును పెట్టెలో దాచితే కీన్స్ భయం నిజమవుతుంది. ఆ మిగులు పనివాడి కూలిలోకి, ఆకలిగా ఉన్నవాడి గిన్నెలోకి వెళ్తే గిరాకీ తగ్గదు, చేతులు మారుతుంది.

అధ్యాపకుడు: మిగులు పెట్టెలోకి వెళ్లదనడానికి హామీ ఏమిటి? క్రైస్తవ నిరాడంబరత చరిత్రలో చాలాచోట్ల పెట్టెనే నింపింది. సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904, 1905 సంవత్సరాల్లో వెలువరించిన ప్రసిద్ధ వ్యాసంలో చూపింది ఇదే: కష్టపడి సంపాదించడం పుణ్యం, అనుభవించడం పాపం అయినచోట డబ్బు పెట్టుబడిగా పేరుకోక తప్పదు. మెథడిస్టు ఉద్యమాన్ని స్థాపించిన జాన్ వెస్లీకి సైతం ఈ భయం ఉండేది. భక్తి వల్ల శ్రమ, పొదుపు అలవడతాయి, వాటివల్ల ఐశ్వర్యం పెరుగుతుంది, ఐశ్వర్యం పెరిగినకొద్దీ భక్తి కరిగిపోతుంది అని 1786లో ఆయనే రాసుకున్నాడు.

బోధకుడు: వెస్లీ ఆ భయానికి చూపిన మందు కూడా చెప్పాలి. ఆక్స్‌ఫర్డులో ఉన్నకాలంలో ఏడాదికి 30 పౌన్ల ఆదాయం వచ్చినప్పుడు ఆయన 28తో జీవించి 2 దానం చేశాడు. మరుసటి ఏడు 60 వస్తే 28తోనే జీవించి 32, ఆపై ఏడు 90 వస్తే 62, ఆ తర్వాతి ఏడు 120 వస్తే 92 పంచిపెట్టాడు. ఆదాయం పెరిగితే అవసరం పెరగాలన్న నియమం ఏదీ లేదని ఆ లెక్క నిరూపిస్తుంది. సంతృప్తి అంటే మనసులోని మెత్తని భావమని చాలామంది అనుకుంటారు. వెస్లీ దగ్గర అది గీత గీసిన లెక్క.

అధ్యాపకుడు: అంత కచ్చితంగా గీత గీయగల మనోబలం ఎక్కడిది? కోరికలను అదుపు చేసుకోమని గ్రీకు, రోమా స్టోయిక్కులు చెప్పారు. బాహ్య పరిస్థితులు ఎలా ఉన్నా చలించని బుద్ధి వారి ఆదర్శం. తెలుగు పల్లెల్లోని వేదాంతమూ అదే చెప్పింది. క్రీస్తు మీద విశ్వాసం దీనికి కొత్తగా కలిపింది ఏమిటి?

బోధకుడు: స్టోయిక్కు జ్ఞాని ఎవరి మీదా ఆధారపడనివాడు, అది ఆయన గర్వకారణం. పౌలు తృప్తిగా ఉన్నాననీ, ఫిలిప్పీవారి సహాయం అందినందుకు మిక్కిలి సంతోషించాననీ ఒకే ఊపిరిలో చెప్పాడు. తనను బలపరచే క్రీస్తువల్లనే సమస్తం చేయగలనని ఒప్పుకున్నాడు. పుచ్చుకోవడంలో ఆయనకు సిగ్గు లేదు. క్రైస్తవ సంతృప్తికి వేరు ఇక్కడుంది: ప్రాణంతో సహా అంతా పుచ్చుకున్నదే అయినప్పుడు మనిషి యజమాని కాడు, గృహనిర్వాహకుడు, అంటే మరొకరి ఆస్తిని ఆయన ఇష్టప్రకారం ఖర్చుపెట్టే బాధ్యత గలవాడు. యజమానికి భయం ఉంటుంది, పోల్చుకోవడం ఉంటుంది. రేపటిని గురించి చింతించవద్దని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పిన మాట సోమరితనానికి అనుమతి కాదు. పిచ్చుకను మరచిపోని తండ్రి తన బిడ్డను మరచిపోడని నమ్మినవాడు గాదె మీద గాదె కట్టవలసిన భయం నుంచి విడుదల పొందుతాడని దాని భావం. ఆ భయం పోయిన చోట సంతోషం దానంతట అది వస్తుంది. పొద్దున్నే లేచి చేయవలసిన పని, ఇంటిల్లిపాదితో కలిసి తినే అన్నం, వారానికొక విశ్రాంతి దినం, రోగం వస్తే వచ్చి పక్కన కూర్చునే సంఘం, ఇవి ఉన్నవాడు నిజంగానే ధనవంతుడు. దీన్ని పేదరికానికి వేసిన పూలమాలగా భావించవద్దు; ఇందులో ప్రతి ఒక్కటీ, రోగికి తోడుగా కూర్చునే మనిషితో సహా, ఎవరో ఒకరు తమ సమయాన్నీ సొమ్మునూ మిగుల్చుకుంటేనే మరొకరికి దొరుకుతుంది.

సంవాదంలో ఇది బోధకుడి ఉత్తరపక్షానికి గట్టి స్థలం. సామెతల గ్రంథం ముప్పయ్యో అధ్యాయంలో ఆగూరు అనే జ్ఞాని పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలునని ప్రార్థించాడు. పేదరికం దొంగతనానికి దింపవచ్చుననీ, ఐశ్వర్యం దేవుణ్ణి మరపించవచ్చుననీ రెండు భయాలనూ ఆయన చెప్పుకున్నాడు. పేదరికాన్ని పుణ్యంగా పొగిడే ఉపన్యాసాలకు ఆ ప్రార్థనలో చోటు లేదన్న సంగతిని తెలుగు ప్రసంగ పీఠాలు ఇంకా ఎక్కువగా వినిపించవలసి ఉంది.

అధ్యాపకుడు: వుల్మన్, వెస్లీ ఇద్దరూ తమకున్నదాన్ని వదులుకున్నవారు. వదులుకోవడానికి ఏమీ లేనివారి సంతృప్తి ఎలా ఉంటుంది? మన ఊళ్ల సంఘాల్లో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉంది: వంట చేసే ముందు గృహిణి ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది, అది ఆదివారం గుడికి చేరుతుంది. పస్తులుండే ఇంటినుంచి బియ్యం పుచ్చుకోవడం ఏ రకమైన ధర్మం?

బోధకుడు: 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్, ఈ ప్రశ్న మీద ఎంతో ఆలోచించాడు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది నిరుపేదలు. విదేశీ మిషనుల నుంచి పుచ్చుకోవడానికి అలవాటుపడిన సంఘం ఎన్నటికీ తలెత్తి నిలవదని ఆయన నమ్మకం. క్రైస్తవ దానాన్ని గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. తరాలుగా చేయి చాచినవారిగానే ఊరు చూసిన మనుషులు, ఇవ్వగలవారిగా తమను తాము చూసుకున్న రోజున వారిలో కలిగే నిబ్బరాన్ని కూలి లెక్కలతో కొలవలేం. మాసిదోనియ సంఘాలు నిరుపేదతనంలోనే ధారాళంగా ఇచ్చాయని, ఇచ్చే భాగ్యం తమకూ కావాలని బతిమాలాయని పౌలు రాశాడు. ఫిలిప్పీ ఆ సంఘాల్లో ఒకటి. పేదవాడికి తృప్తి బోధించకూడదన్న మీ మాటలో న్యాయం ఉంది; పేదవాడికి ఇచ్చే హక్కు కూడా లేదంటే అది మరో రకం అవమానం.

అధ్యాపకుడు: ఇచ్చే హక్కును ఒప్పుకోవచ్చు. ఆ పిడికెడు ఎక్కడికి వెళ్తున్నదో అడిగే హక్కును కూడా దానితోపాటే ఒప్పుకోవాలి. గుడికి పాలరాయి పరచడానికీ, పండుగకు దీపాల తోరణాలకూ వెళ్తే, పొలం మీద పొలం కలుపుకునేవారిని గద్దించిన యెషయా ప్రవక్త నేడు గుడి మెట్ల మీద నిలబడి మాట్లాడవలసి వస్తుంది. ఇంకా కట్నం లేని పెళ్లి క్రైస్తవుల్లో అరుదు. కూతురి పెళ్లికి చేసిన అప్పు కూలి కుటుంబాన్ని ఏళ్ల తరబడి పీడిస్తుంది. ఐశ్వర్యమే ఆశీర్వాదమని, కానుక ఎంత పెద్దదైతే దీవెన అంత పెద్దదని బోధించే కూటాలు ఊరూరా వెలిశాయి.

బోధకుడు: ఆ కూటాల బోధను తిమోతి లేఖలోని ఆ అధ్యాయమే ముందుగా ఖండించింది, దానిమీద వాదించవలసిందేమీ లేదు. కట్నం విషయంలో సంఘం మౌనం పాపం. వుల్మన్ కాలపు క్వేకర్లలో ఒక పద్ధతి ఉండేది: ఊరి సమాజం క్రమం తప్పక కూడి, సభ్యులు ఆదాయానికి తగ్గట్టు జీవిస్తున్నారా, తమ శక్తికి మించిన వ్యాపారాల్లో దిగుతున్నారా, అప్పులు సకాలంలో తీరుస్తున్నారా, వ్యవహారాల్లో న్యాయంగా ఉంటున్నారా అన్న ప్రశ్నలను బహిరంగంగా చదివి, జవాబులను పై సభకు పంపేది. బానిసల విషయమూ ఆ సభల్లోనే నలిగింది. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ, వుల్మన్ మాట్లాడిన తర్వాత, బానిసలున్న సభ్యుల ఇళ్లకు వెళ్లి ఆ బానిసలను విడుదల చేయమని అడగడానికి మనుషులను నియమించింది. 1776కల్లా బానిసలను ఉంచుకునేవారికి ఆ సమాజంలో సభ్యత్వం లేకుండా చేసింది.

అధ్యాపకుడు: బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. ఆ కత్తిరించిన బైబిలు అచ్చయిన ఏడే అది. గ్రంథం ఒక్కటే, ఏడు ఒక్కటే, చదివిన కళ్లు వేరు. అందుకే చట్టం అవసరమన్న మాట నుంచి వెనక్కి తగ్గడం సాధ్యం కాదు. వుల్మన్ చక్కెర మానినంత మాత్రాన తోటలు మూతపడలేదు.

బోధకుడు: చట్టం కావాలి, కూలి రేటు కావాలి, 1950 ఉత్తర్వు వల్ల మిగిలిపోయినవారి హక్కు మీద వాదన సాగాలి. ఇవన్నీ అడగడానికి సంతృప్తి అడ్డు అయితే అది క్రీస్తు నేర్పిన సంతృప్తి కాదు. తన కోసం ఎక్కువ కోరనివాడిని కొనడం కష్టం, బెదిరించడం ఇంకా కష్టం; పొరుగువాడి కూలి కోసం నిలబడడానికి అలాంటివాడే కావాలి.

అధ్యాపకుడు: అలాగైతే ఒక షరతు మీద ఈ బోధను ఒప్పుకోవచ్చు. ఆదివారం కానుకల సంచి తిరిగే ముందు, క్వేకర్ల సభలో చదివినట్టు, ఇళ్లలోనూ పొలాల్లోనూ మనుషులను పనికి పెట్టుకున్న సభ్యులు ఈ వారం కూలి ఇచ్చారా లేదా అన్న ప్రశ్న చదవాలి. కోత కోసినవారి కూలిని బిగబట్టితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు లేఖ చెప్పింది కదా. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవారే ఉన్నదానితో తృప్తిపడమన్న ప్రసంగం చేయాలి, వినాలి.

బోధకుడు: ఆ క్రమం కొత్తది కాదు, మాస్టారూ. బలిపీఠం దగ్గర కానుక అర్పిస్తుండగా సహోదరుడికి తన మీద ఏదైనా ఫిర్యాదు ఉన్నదని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే వదిలి, మొదట వెళ్లి అతనితో సమాధానపడి, ఆ తర్వాత వచ్చి అర్పించాలని కొండమీది ప్రసంగంలో యేసు చెప్పాడు. కూలి బాకీ ఉన్నవాడి దగ్గరికి వెళ్లి బాకీ తీర్చడమే ఆ సమాధానం. ఆ ప్రశ్న చదవవలసిందే. బోధకుడి ఇంట్లో పనిచేసే మనిషి కూలితోనే అది మొదలుకావాలి.